చౌడు వేయని మిద్దె

ఒక ఏడాది పాటు నేను రాజకీయ పార్టీ కార్యదర్శిని. ఈ మాట ఎప్పుడైనా నోరు జారి అంటే మా అన్న మనవళ్ళు కళ్ళింత చేసుకుని "జైలుకు పోయినావా తాతా?" అని అడుగుతారు. జైలు లేదు, లాఠీ లేదు, నా మొహానికి ఖద్దరు కూడా లేదు. చింతామణిలో బాడిగె ఇండ్లలో బతికే ముప్పై నలభై సంసారాల పార్టీ మాది. మా నోట ఒకటే మాట: ఇండ్ల బాడిగెలు తగ్గించాలి. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడినా మా అధ్యక్షుడు ఒప్పుకునేవాడు కాదు. దేశం సంగతి పెద్దవాళ్ళు చూసుకుంటారు, మన తల మీది కప్పు సంగతి మనం చూసుకుందాం అనేవాడు. చూసుకున్నాం. బాగా చూసుకున్నాం.

ఆ అధ్యక్షుడు మా పక్కింటాయనే. కన్నడ బడిలో పాఠాలు చెప్పి పింఛను పుచ్చుకుంటున్న మేష్ట్రు. గొంతు పెద్దది, గుండె చిన్నది. మనిషి మంచివాడే. ఇది రాయడం నాకిష్టం లేదు గానీ నిజం కాబట్టి రాస్తున్నాను.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. విమానాల్లోంచి సిపాయిలు దూకే గొడుగులకు పట్టు కావాలట, శిడ్లఘట్టలో పట్టు ధర చుక్కలనంటింది. ఆ గిరాకీ చూసి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి శిడ్లఘట్టలో, చింతామణిలో, చిక్కబళ్ళాపురంలో పట్టుగూళ్ళు ఉడకబెట్టి పట్టు తీసే పని పెట్టుకున్నారు. వాళ్ళకు ఇండ్లు కావాలి. గొడ్ల కొట్టానికి సున్నం కొట్టి బాడిగెకిచ్చిన మహానుభావులున్నారు మా ఊర్లో. నేను బెల్లం మండీలో గుమాస్తాను. ఊరంతా యుద్ధం గురించి చెప్పుకున్నా నా జీతానికి మాత్రం ఆ కబురు అందలేదు. ఆర్నెల్లకొకసారి బాడిగె పెంచడం, కట్టలేనంటే ఖాళీ చెయ్యమనడం. నాలుగేళ్ళలో మూడు ఇండ్లు మారాం.

నా భార్య మంచేనహళ్ళి దిక్కు పిల్ల. తల్లి లేదు, పుట్టింట్లో వదినల రాజ్యం, అందుకని కాన్పులన్నీ నా దగ్గరే. ఇద్దరు బిడ్డలు పుట్టి దక్కలేదు. రెండో బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, నిండు నెలల్లో, ఇల్లు ఖాళీ చేయించారు. బండి మీద సామాను పెట్టి, సామాను మీద ఆమెను కూర్చోబెట్టి వీధులు తిరిగాను. అది నేను మరిచిపోయాను గానీ ఆమె మరవలేదు. మళ్ళీ నెల తప్పిందని తెలిసిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"నాకు నగలొద్దు, చీరలొద్దు. ఈ బిడ్డ పుట్టి పాకేదంకా ఒక్క ఇంట్లో ఉండేట్ల చూడండి. అంతే నేనడిగేది."

నేను పార్టీలో చేరింది ఆ ఒక్క మాట కోసం. అప్పటికి మేము ఏడు ఇండ్ల వఠారంలో ఉన్నాం. ఏడూ ఒకే వరస, ఒకే గోడకు ఆనుకుని, అన్నిటికీ ఒకడే యజమాని. నూనె గానుగల మీద సంపాదించిన మనిషి. ఎక్కువ మాట్లాడడు. ఒకటో తేదీ పొద్దున వచ్చి వాకిట్లో నిలబడి దగ్గుతాడు, అంతే. ఆ దగ్గు వినపడితే ఏడు ఇండ్లలోనూ పొయ్యి ఊదడం ఆగిపోయేది.

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, కన్నడ తెలుగు రెండూ వచ్చునని మేష్ట్రు నన్ను కార్యదర్శిని చేశాడు. దానికే ఉబ్బిపోయాను. మండీలో రోజంతా బెల్లం దిమ్మెల తూకాలు రాసేవాణ్ణి, సాయంత్రం "కార్యదర్శి" అని కింద సంతకం పెట్టేవాణ్ణి. ఆ సంతకానికి ఒక వంపు కూడా నేర్చుకున్నాను. సిగ్గులేని వంపు.

మొదట మునిసిపాలిటీ ఎన్నికలో మేష్ట్రును నిలబెట్టాం. వీధివీధి తిరిగాం, కాళ్ళరిగేలా తిరిగాం. "మీరు చెప్పేది న్యాయమేనప్పా" అని అందరూ అన్నారు, మజ్జిగ కూడా ఇచ్చారు. తీరా చూస్తే ఓటున్నవాళ్ళలో చాలామంది ఇంటి పన్ను కట్టేవాళ్ళు, అంటే ఇండ్లున్నవాళ్ళు. పార్టీ ఇండ్లు లేనివాళ్ళది. ఈ ముక్క తిరగబోయే ముందే తోచి ఉంటే చెప్పులన్నా మిగిలేవి. మేష్ట్రుకొచ్చిన ఓట్లు లెక్కపెట్టడానికి మునిసిపాలిటీ కచేరి గుమాస్తాకు రెండు చేతుల వేళ్ళు కూడా పట్టలేదు.

ఓడిపోయాక ఆయనకొక ఉపాయం తట్టింది.

మా దిక్కు ఇండ్లు మట్టి మిద్దెలు. దూలాల మీద కట్టెలు పరిచి, మట్టి పోసి, ఆ పైన చౌడు వేస్తారు. చౌడంటే పంట పండని నేలల్లో దొరికే తెల్లటి ఉప్పుమట్టి. వాన తగిలితే అది మెత్తబడి బిగుసుకుంటుంది, చుక్క కిందికి దిగదు. ఏడాదికొకసారి, మృగశిర కార్తెకు ముందు, కొత్త చౌడు వేసి తీరాలి. వేయకపోతే మిద్దె కారుతుంది, గోడ నానుతుంది, నానిన గోడ ఎంతసేపు నిలబడుతుంది? బాడిగె ఇండ్లలో ఆ పని బాడిగెవాళ్ళదే. ఎక్కడా కాగితం మీద లేదు, తాతల నాటి నుంచి అంతే. ఎవరు కింద పడుకుంటారో వాళ్ళే పైకి గంపలు మోసుకోవాలి.

మేష్ట్రు మా వాకిట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "ఇండ్లు వాళ్ళవి. చౌడు మోసేది మనం. ఇదేం న్యాయమప్పా? ఈ ఏడాది పార్టీలో ఎవురూ ఒక్క గంప గూడా ఎయ్యొద్దు. బాడిగె తగ్గిస్తే ఏస్తాం, లేకుంటే లేదు. గోడలు పడిపోతే నష్టం ఎవురికి? ఇండ్లోళ్ళకే గదా!"

ఆహా, ఎంత బాగా తోచింది ఆ మాట! అందరం తలకాయలు ఊపాం. పడిపోయే గోడ పక్కన చాప వేసుకునేది ఎవరని ముప్పై నలభై మందిలో ఒక్కడంటే ఒక్కడికి తట్టలేదు. నాకూ తట్టలేదు, నా బుద్ధి గడ్డి తినింది. తీర్మానం నేనే రాశాను. సంతకం వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర. కింద నా వంపు.

వైశాఖం చివర్లో ఆడబిడ్డ పుట్టింది. బలంగా పుట్టింది. మంత్రసాని ఎత్తి చూపిస్తూ "ఈ బిడ్డ దక్కుతాదప్పా, ఏడుపు ఇను" అంది. నా భార్య నా దిక్కు చూసి నవ్వింది. ఆమె అలా నవ్వడం అదే ఆఖరుసారి అని అప్పుడు నాకు తెలుస్తుందా?

పది రోజుల పురుడు వెళ్ళింది. ఎండలు తగ్గి, మధ్యాహ్నాలు మబ్బు పడుతున్నాయి. ఆమె ఒక పూట, నేను అన్నం తింటుంటే, మెల్లగా ఎత్తింది.

"మేష్ట్రుతో చెప్పి మన మిద్దెకు మట్టుకు నాలుగు గంపలు ఏయించగూడదా? పసిబిడ్డ ఉండాది గదా. ఎవురేమనుకుంటారు?"

నాకు ఒళ్ళు మండింది. "తీర్మానం రాసింది నేను. నా మిద్దె మీదే చౌడు కనబడితే ఊర్లో నేను తలెత్తుకొని తిరగాల్నా వద్దా?" అని గట్టిగా అరిచాను. చేతిలో ముద్ద కంచంలో కొట్టాను. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. అంతటితో ఊరుకున్నానా? "నేను లేనప్పుడు ఎవురి చేతన్నా ఏయించినావంటే ఈ గడప మళ్ళా తొక్కను" అని కూడా అన్నాను. ఆమె కింద పడిన మెతుకులు ఏరి తీసింది.

ఆ మర్నాడే బాగేపల్లికి బయలుదేరాను. అక్కడ పార్టీ శాఖ పెట్టి రమ్మని మేష్ట్రు పంపాడు. అప్పుడు బస్సులకు పెట్రోలు లేదు, వెనక బొగ్గుల కుంపటి కట్టుకుని నడిచేవి. మిట్ట వస్తే మేం దిగి తొయ్యాలి. ఒళ్ళంతా మసి చేసుకుని బాగేపల్లిలో దిగి, బస్సులు నిలిచేచోట ఒక అరుగెక్కి ఉపన్యాసమిచ్చాను. బాడిగెల అన్యాయం గురించి, చౌడు గురించి, ఐకమత్యం గురించి గొంతు పగిలేలా చెప్పాను. తొమ్మిది మంది విన్నారు. అయిపోయాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి జాలిగా చెప్పాడు.

"బాగా మాట్లాడ్తివప్పా. కానీ మా ఊర్లో బాడిగె ఇండ్లు యాడుండాయి? ఉండేటివి ఆ కచేరి వాళ్ళుండే ఇండ్లు రెండు. వాళ్ళనడుగు."

ఆ రెండు ఇండ్లవాళ్ళనూ అడిగాను. ఒకాయన ఊర్లో లేడు, ఇంకొకాయన తలుపు తీయలేదు. రెండు రోజులు అలా తగలేసి మళ్ళీ బస్సు తోసుకుంటూ చింతామణికి వచ్చాను. వాకిట్లో కూర్చున్న పట్టు తీసే ఆయన భార్య నన్ను చూసి చప్పున లేచి లోపలికి పోయింది. మా ఇంటికి రెండో గడప వాళ్ళది. ఎందుకు పోయిందో నాకు తెలియలేదు.

మృగశిర ప్రవేశించిన రెండో రోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. మండీ ఆవరణలో షావుకారు బెల్లం ఆరుబయట ఉంది. "కప్పండప్పా, కప్పండి" అని ఆయన కేకలు. గోనె పట్టాలు, తాటిచాపలు లాగి లాగి కప్పాను. ఒక్క దిమ్మె తడవకుండా కాపాడాను. షావుకారు నా భుజం తట్టాడు. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను.

ఇంట్లో పొడి జాగా జానెడు లేదు. మిద్దె నుంచి బురద నీళ్ళు ధారలుగా దిగుతున్నాయి. నా భార్య మూలన రోలు మీద కూర్చుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, పైన చాట పట్టుకుని ఉంది. చాట మీద టపటపా పడుతున్నాయి. ఎంతసేపటి నుంచి అలా పట్టుకుందో. పక్కింటికి పోదాం లెమ్మన్నాను. ఆమె నన్ను ఒకలాగా చూసి లేచింది.

మేష్ట్రు ఇంట్లో కాలు పెట్టగానే నాకు మొదట తెలిసింది కాలి కింద నేల. పొడిగా ఉంది. పైకి చూశాను. ఒక్క చుక్క లేదు. నాకేదో అర్థమైనట్టే అయింది గానీ మనసు ఒప్పుకోలేదు. పొద్దున వాన తెరిపిచ్చాక, మా వెనక గోడ కూలి పడి ఉంటే, ఆ మట్టి మీదుగానే నిచ్చెన వేసుకుని పైకెక్కాను. ఏడు మిద్దెలు వరసగా, మధ్యలో జానెడు గట్లు. ఆరు తెల్లగా, నున్నగా, కొత్త చౌడుతో మెరుస్తున్నాయి. ఒక్కటి నల్లగా, పోయినేటి గడ్డితో, గుంటలు పడి ఉంది. ఎవరిదో చెప్పనక్కర్లేదు.

దిగొచ్చి మేష్ట్రు చొక్కా పట్టుకున్నాను. జీవితంలో నేను ఇంకొకరి చొక్కా పట్టుకున్నది అదొక్కసారే.

"నువ్వు బాగేపల్లికి పోయినప్పుడు ఏసుకొంటిమప్పా" అన్నాడు తల దించుకుని. "నా పెండ్లానికి ఉబ్బసం. చెమ్మ తగిల్తే మనిషి మిగలదు. నేనేస్తానంటే మిగతావాళ్ళూ మేమూ అనిరి. పార్టీ మాట పార్టీదే, సంసారం మాట సంసారందే గదా. మీ మిద్దెకూ ఏస్తామంటే మీ ఆయమ్మే వద్దనె."

లోపలికి పోయి నా భార్యను అడిగాను. నిజమేనంది. "నీకు తెలిసీ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. బిడ్డ నుదురు మీద చెయ్యి పెట్టుకుని, నా దిక్కు చూడకుండా జవాబిచ్చింది.

"ఏమని చెప్పేది? బాగేపల్లి నుంచి మసి మొగంతో వచ్చి ఐకమత్యం, ఐకమత్యం అని అంత సంబరంగా చెప్తాంటిరి. పార్టీ అంటే మీరొక్కరే అని నా నోటితో ఎట్ల చెప్పేది?"

బిడ్డకు అప్పటికే ఒళ్ళు కాలుతోంది. డాక్టరు వచ్చాడు, చూశాడు, రొమ్ములో చలువ చేరిందన్నాడు. రెండు రోజులు బతికింది. ఇరవయ్యొకటో రోజున పేరు పెడదామని పట్టు తీసే ఆయన భార్య పాత చీర చించి ఉయ్యాలకు గుడ్డ కుట్టింది. ఆ గుడ్డలోనే చుట్టి తీసుకుపోయాను. నేను చంపాను. డాక్టరు ఏమన్నా, వాన ఏం చేసినా, నా వంపు సంతకమే చంపింది. ఇది ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

నాలుగో రోజు మేష్ట్రు వచ్చాడు. ఏడ్చాడు కూడా. నిజంగానే ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని జేబులోంచి కాగితం తీశాడు.

"అమల్దారుకు అర్జీ పెట్టాల. యజమాని చౌడు ఏయించకపోవడం చేత పసికందు చచ్చిపోయిందని రాయి. పోయిన బిడ్డ ఎట్లా రాదు. ముప్పై సంసారాలకైనా మేలు జరుగుతాది. నీ చేత్తో రాస్తేనే దానికి బలం." పోతూపోతూ గడప దగ్గర ఆగి, "విచారణ అయ్యేదంకా ఆ మిద్దె ముట్టుకోవద్దు. అట్లే ఉండనీ" అన్నాడు.

రాశాను. ఎందుకు రాశానంటే ఏం చెప్పను? తప్పు ఇంకొకరిదని కాగితం మీద కనబడితే నాకు నిద్ర పడుతుందనుకున్నాను కాబోలు. నా భార్య కూలిన గోడకు అడ్డంగా కట్టిన తడిక పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ, నా కలం కాగితం మీద పోతుంటే చూసింది. ఏం రాస్తున్నారని అడగలేదు. ఆమెకు చదువు రాదు. అర్థం చేసుకోవడానికి అక్షరాలు కావాలా?

అర్జీ చిక్కబళ్ళాపురం దాకా పోయింది. అక్కడి నుంచి ఒక పెద్ద అధికారి, మా తాలూకా చూసే అమల్దారుతో కలిసి, వఠారం చూడడానికి వచ్చాడు. పెంకుటిండ్ల సీమ మనిషి, చౌడంటే ఏమిటో ఆయనకు చెప్పాల్సి వచ్చింది. ఇంటి యజమాని చేతులు కట్టుకుని, "బాడిగెవాళ్ళే ఏసుకొనేది మా దిక్కు పద్ధతి స్వామీ" అన్నాడు. "ఎక్కడ రాసుంది?" అన్నాడు మేష్ట్రు. వఠారం అంతా నోరు మూసుకుని నిలబడింది. ఏటా గంపలు మోసి నెత్తిన కాయలు కాసినవాళ్ళు, ఒక్కరు నోరు విప్పితే ఒట్టు.

అధికారి నిచ్చెనెక్కి చూశాడు. ఆరు తెల్లగా, ఒకటి నల్లగా. దిగి వచ్చి అడిగాడు, "ఆరింటికి వేయించి ఈ ఒక్కదాన్ని ఎందుకు వదిలేశారు?"

మేష్ట్రు గొంతు తగ్గించి అన్నాడు: "ఈయన మా పార్టీ కార్యదర్శి స్వామీ."

అంతకు మించి ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడాల్సిన పని లేదు. పగబట్టి వదిలేశావా అన్నట్టు అధికారి యజమాని దిక్కు చూసిన చూపు నేను చూశాను. యజమాని నా దిక్కు చూశాడు. ఒక్క మాట చెబితే చాలు, ఆ ముసలాయన మీద పడిన మచ్చ పోయేది. అమల్దారు నా భార్యను కూడా పిలిచి ఏమైందమ్మా అని అడిగాడు. "ఇల్లు కారింది" అంది ఆమె. అంతే. నేనైతే అదీ అనలేదు, నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

నెల తిరక్కుండా హుకుం వచ్చింది. మా వఠారం బాడిగెలు యుద్ధానికి ముందు ఎంతుండేవో అంతే తీసుకోవాలి, గోడ యజమాని కట్టించాలి, చౌడు ఇకమీదట ఆయనే వేయించాలి. మా పార్టీ జీవితంలో గెలిచింది అదొక్కటే. వాకిట్లో బొరుగులూ బెల్లమూ పంచారు. బెల్లం మా మండీదే. మేష్ట్రు నా మెడలో బంతిపూల దండ వేశాడు, నేను వేయించుకున్నాను. కొన్నాళ్ళకు మిగతా వఠారాలవాళ్ళు మాకేం మిగిల్చారని పోట్లాడి విడిపోయారు. పార్టీ ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ గుర్తు లేదు.

ఒకటో తేదీ పొద్దున యజమాని వచ్చి వాకిట్లో దగ్గాడు. నేను కొత్త బాడిగె చేతిలో పట్టుకుని లేచాను. నా భార్య నన్ను దాటుకుని ముందుకు పోయింది. ఆమె అంతకుముందు ఎన్నడూ ఆయన ఎదుట పడలేదు. కొంగు ముడి విప్పి ఆయన చేతిలో పెట్టింది. పాత బాడిగె, పెంచినదంతా కలిపి.

"తగ్గింది గదమ్మా" అన్నాడాయన.

"మా ఆయన రాసింది అబద్ధమప్పా" అంది. "నా బిడ్డ మీద అబద్ధమాడి మిగుల్చుకొన్న దుడ్డు మా ఇంట్లో ఉండేదానికి లేదు. తీసుకోండి."

వఠారం అంతా విన్నది. మేష్ట్రు తలుపు చాటుకు తప్పుకున్నాడు. యజమాని ఆ దుడ్డు తీసుకుని పోయాడు.

ఆ ఇంట్లో మేము ఇంకా నాలుగేళ్ళున్నాం. ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు. మళ్ళీ బిడ్డలు పుట్టలేదు. విసుర్రాయి తిప్పి, ఊరివాళ్ళకు పిండి విసిరి ఆమె ఆ పైదుడ్డు సంపాదించేది. నెలనెలా తానే వాకిట్లోకి పోయి కట్టింది. నన్ను ఒక్కసారి కూడా కట్టి రమ్మని పంపలేదు.